పూజగూట్లో కవరు

శుక్రవారం పొద్దున్నే నూకరత్నం గేదె పాలు పితికి, స్నానం చేసి పూజగూడు ముందు కూర్చుంది. అమ్మవారి పటానికి బొట్టు పెట్టింది. పటం పక్కన నిలబెట్టిన పొడుగాటి ఖాకీ కవరుకి మూడు చోట్ల పసుపు రాసి, కుంకుమ అద్ది, మీద ఒక మందారం పువ్వు పెట్టింది. తర్వాత వాకిట్లోకి వినబడేలా పైకే దండం పెట్టుకుంది.

"తల్లీ, నా మిల్లు కాగితాలు సల్లగా సూడు. వాటినే నమ్ముకునున్నాను."

వాకిట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న మరిది గణపతిరావు ఒక్క క్షణం ఆగి విన్నాడు. వింటాడని నూకరత్నానికి తెలుసు. వినాలనే కదా అంత గొంతు చేసుకుంది. ఆ కవరులో మిల్లు కాగితాలు లేవు. పోయినేటి పంచాంగం చింపి మడిచిపెట్టిన పేజీలున్నాయి. ఏడాదిగా ఆవిడ ఆ పాత పంచాంగానికే ప్రతి శుక్రవారం పసుపు రాస్తోంది.

పగ పట్టినవాళ్ళు కత్తులు నూరుతారంటారు. నూకరత్నం పసుపు నూరింది.

పగ ఊరికే రాలేదు. నాలుగేళ్ళ కిందట ఆవిడ భర్త పెదబాబు పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. పెద్దకర్మ అయిన వారానికే గణపతిరావు పెద్దమనుషుల్ని పిలిచి పంపకాలు పెట్టించాడు. చోడవరం నుంచి వడ్డాది పోయే దారిలో మూడెకరాల చెరకు భూమి ఉంది. అందులో నుయ్యి పెదబాబు తన చేతులతో తవ్విందే. నూకరత్నం కొత్త కోడలిగా మట్టి తట్టలు మోసింది. ఆ భూమి మొత్తం గణపతిరావుకి పోయింది. నూకరత్నానికి వెనక గది, ఒక గేదె, ఒక కవరు వచ్చాయి.

కవరులో మద్రాసు నూలు మిల్లు షేర్లు మూడు వందలున్నాయి. మామగారు బతికున్నప్పుడు ఎవరో చెప్తే కొన్నవి. ఎనిమిదేళ్ళుగా ఆ మిల్లు ఒక్క కానీ కూడా పంపలేదు.

"ఆడదానివి, భూమి ఎవరు దున్నుతారు వదినా? ఇవైతే కూకున్న కాడికే డబ్బులొస్తాయి," అన్నాడు గణపతిరావు. అని, పెద్దమనుషుల వైపు తిరిగి కన్ను గీటాడు. వాళ్ళు నవ్వారు. నూకరత్నం తలెత్తి అత్తగారి వంక చూసింది. అప్పలనరసమ్మ స్తంభానికి ఆనుకుని, మెడలో కంటెని వేళ్ళతో తిప్పుకుంటూ నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట అనలేదు. ఆ కన్నుగీటు, ఆ మౌనం, రెండూ నూకరత్నం గుండెలో దిగబడ్డాయి.

గదిలోకి వెళ్ళి ఆవిడ ఏడవలేదు. "ఇదే భూమి నీ సేత్తోనే నాకు రాయించుకోకపోతే నా పేరు నూకరత్నం కాదు," అనుకుంది.

ఆవిడ పాలు పోసే ఇళ్ళలో మిషను బడి టీచరు కృపామణి ఇల్లొకటి. భర్త వాల్తేరు రైల్వేలో గుమస్తా చేసి పోయాడు. ఆయన విడిచిపోయిన కొద్దిపాటి షేర్లు ఆవిడే చూసుకుంటుంది. మద్రాసు ఇంగ్లీషు పేపరు రైల్లో అనకాపల్లి దిగి, బస్సెక్కి, ఒక రోజు ఆలస్యంగా ఆవిడ గుమ్మంలో పడుతుంది. నూకరత్నం ఒకరోజు పాలచెంబుతో పాటు ఆ కవరూ పట్టుకెళ్ళింది.

"టీచరమ్మా, ఇయ్యి పొయ్యిలో ఎయ్యాలా, పెట్టిలో ఎయ్యాలా సెప్పండి."

కృపామణి కాగితాలన్నీ తిరగేసి చూసి, "ముందు ఇవి నీ పేరు మీదికి మార్పించు. మీ మామగారి పేరుంటే నీవి కావు," అంది.

"పేరు మారితే?"

"ఆ మిల్లులో నీకు వాటా ఉన్నట్టు. నలుగురు కలిసి ఒక ఆవుని కొన్నారనుకో. ఒక కాలు నీది. పాలిచ్చినప్పుడు నీ వంతు నీకొస్తుంది. దాన్ని డివిడెండు అంటారు. ఒట్టిపోతే ఏమీ రాదు."

"ఇది ఎనిమిదేళ్ళై ఒట్టిపోయిందమ్మా."

"ఒట్టిపోయిందా, చచ్చిపోయిందా? అది తెలుసుకోవాలి ముందు. కటికవాడికి తోలేవాళ్ళు ఆ తేడా చూడరు."

ఆ మాట నూకరత్నానికి నచ్చింది. గేదెల సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. కృపామణి మిల్లుకి ఉత్తరం రాసి లెక్కల పుస్తకం తెప్పించింది. అందులో ఉన్నదేమిటంటే, మిల్లు పాత అప్పులు తీరుస్తోంది, కొత్త మగ్గాలు దింపింది. "ఇది చూడిగేదె. ఓపిక పట్టు," అంది టీచరు.

నూకరత్నం ఓపిక పట్టింది. అయిదో తరగతి వరకే చదివిన మనిషి ఇంగ్లీషు అంకెలు నేర్చుకుంది. పేపరులో మిల్లు పేరు ఎక్కడుంటుందో గుర్తు పెట్టుకుంది. నాలుగు రూపాయలున్న షేరు ఆరైంది, తొమ్మిదైంది. రెండో ఏడు డివిడెండు వచ్చింది. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ పోస్టుమాను ఇంటి మగవాడి చేతికే ఇచ్చేవాడు. కాబట్టి ఆ కవరు ముందు గణపతిరావు చేతిలో పడింది. విప్పి చూసి, మళ్ళీ మైదా అంటించి ఇచ్చాడు. అంటించిన చోట ఉండ కట్టింది. నూకరత్నం చూసి ఊరుకుంది.

మూడో ఏడు షేరు ఇరవై ఏడయ్యింది. బెల్లం కొట్ల దగ్గర కూడా మిల్లు మాటే. జన్మలో పేపరు ముట్టనివాళ్ళు కూడా రేటు అడుగుతున్నారు.

"పాలెన్నిస్తుందో దాన్ని బట్టి ఆవు ధర," అంది కృపామణి. "ఇప్పుడా ధరకి తగ్గ పాలు లేవు. వడ్డాది సంతలో అందరూ ఒక్క ఎద్దు మీదే ఎగబడితే ఏమవుతుంది? కొన్నవాడు మునుగుతాడు. కాగితాన్ని ప్రేమించకు నూకరత్నం, అమ్మెయ్యి."

నూకరత్నం సంతకాలు పెట్టి, కాగితాలు రిజిస్టరు పోస్టులో మద్రాసు దళారీకి పంపింది. ఉత్తరాలు టీచరు చిరునామాకి రమ్మంది. ఎనిమిది వేల పైచిలుకు అనకాపల్లి బ్యాంకులో పడ్డాయి. అంతటితో ఆగిపోతే ఇది ఒక తెలివైన ఆడదాని కథయ్యేది. కానీ ఆవిడ ఇంటికి వచ్చి పాత పంచాంగం చింపింది.

"ఏటే పైడితల్లీ, నన్ను నరికినా ఈ కాగితాలు అమ్మను. వొచ్చే ఏటికి రెండింతలట," అని నూతి దగ్గర పక్కింటావిడతో అంది. పైడితల్లితో చెబితే ఊళ్ళో దండోరా వేయించినట్టే. ప్రతి శుక్రవారం పూజ. గణపతిరావుకి కళ్ళు ఎర్రబడ్డాయి. తను వెక్కిరించి పారేసిన కవరులోంచి వదినకి లక్ష్మి వస్తుంటే ఆ మనిషికి అన్నం సయించలేదు. ఆశ లావు, పీక సన్నం. చెరకు భూమి అనకాపల్లి బెల్లం వర్తకుడికి తాకట్టు పెట్టి, ఆరువేలు తెచ్చి, ముప్ఫై రూపాయల లెక్కన అవే షేర్లు కొన్నాడు.

సంగతి తెలిసి కృపామణి పాలచెంబు అందుకోకుండా నిలబడింది.

"నేను నీకు లెక్క నేర్పాను. ఉచ్చు పన్నడం నేర్పలేదు."

"నేను కొనమన్లేదు కదా టీచరమ్మా. పూజ సేసుకున్నాను. అంతే."

"దేవుడి ముందు అబద్ధం పెట్టావు."

"ఆడు పెద్దల ముందు పెట్టేడు," అంది నూకరత్నం. పాలు కొలిచి పోసి వచ్చేసింది.

నయాపైసలొచ్చిన ఏడది. ఢిల్లీవాళ్ళు కొత్త పన్నులేశారు. మద్రాసులో ధరలు ఎండాకాలం నూతిలో నీళ్ళలా దిగడం మొదలుపెట్టాయి. ఇరవై రెండు, పద్దెనిమిది, పదహారు. దిగిన ప్రతి రూపాయికీ నూకరత్నం లోపల ఒక మెట్టు ఎక్కింది. వర్తకుడి గడువు ఎప్పటితో తీరుతుందో ఆవిడకి రోజులతో సహా తెలుసు. ఆ రోజు గణపతిరావు భూమి అమ్మకానికి పెడతాడు. కొనేది తనే.

ఆ గడువు మరో పది రోజులుందనగా వచ్చిన శుక్రవారమే ఇది.

నూకరత్నం హారతి పళ్ళెం దించేసరికి గణపతిరావు వెనక గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పంపకాలైన తర్వాత ఈ గుమ్మం ఎక్కడం ఇదే మొదలు. గడ్డం మాసి ఉంది.

"వదినా, పేపరు సూసేవా?"

"సూసేను. పదమూడు."

"నీకేటీ బెంగ లేదా? నీవీ పోయాయి కదా. మూడొందలు!"

"కూకో గణపతీ," అంది నూకరత్నం. నాలుగేళ్ళుగా ఈ ఘడియ కోసం బతికింది కాబట్టి తొందరపడలేదు. పీట వాల్చింది. గూట్లోంచి కవరు తీసి, పువ్వు పక్కన పెట్టి, అతని ఒళ్ళో పెట్టింది. "విప్పు. నా ఉత్తరాలు విప్పడం నీకు అలవాటే కదా."

అతను విప్పాడు. మడతలు తీశాడు. తిథులు, వర్జ్యాలు, రాహుకాలాలు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేటిది?"

"నీ దుర్ముహూర్తం. ఇరవై ఏడు కాడే అమ్మేసేను. నువ్వు ముప్పైకి కొన్నావు. నాకు మాటిచ్చేవు కదా, కూకున్న కాడికే డబ్బులొస్తాయని. వొచ్చేయి."

వాకిట్లోంచి అతని భార్య చిన్నతల్లి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో అక్కా! తెలిసి తెలిసి మా కొంపకి నిప్పెట్టేవా?"

"నా కొంపకి మీరెట్టలేదేటే? ఆ నుయ్యి తవ్వినప్పుడు నా అరిచేతులు ఎలా ఉన్నాయో నువ్వు సూళ్ళేదు. మీ ఆయన సూసేడు. సూసి కూడా కన్ను గీటేడు." నూకరత్నం కవరు మళ్ళీ గూట్లో పెట్టింది. "పది రోజుల్లో షావుకారొస్తాడు. డబ్బు నా దగ్గరుంది. భూమి నాకు రాయి. మీరు ఈ ఎనక గదిలోకి రండి. నేను నాలుగేళ్ళున్నాను, బాగానే ఉంటాది. గేదెని కూడా ఇస్తాను."

చిన్నతల్లి ఏడుపు లంకించుకుంది. గణపతిరావు మాత్రం ఏడవలేదు, అరవలేదు. లేచి తన గదిలోకి వెళ్ళి, ఒక కాగితాల కట్ట తెచ్చి అందులోంచి విడిగా ఒకటి లాగాడు.

"నాకు శాస్తి సేసేవు, సరే. నాకు తగిందే. మరి ఇది ఎవరికి సేసేవో సూసుకో."

నూకరత్నం అందుకుంది. అదే మిల్లు కాగితం. ఇరవై షేర్లు. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి కూడబలుక్కుంటేగాని రావు. కానీ ఈ పేరు కూడబలుక్కోనక్కర్లేదు. తన సంతకం నేర్చుకున్నప్పుడు వందసార్లు రాసుకున్న పేరే.

"నా పేరేటి?"

"అమ్మ కొనిపించింది. నేను కొంటన్నానని తెలిసి కంటె తీసి నా సేతిలో ఎట్టి, కంసాలి దాసుకి అమ్మించింది. 'పెద్దకోడలు పూజ సేస్తన్న కాగితాలు గదా, అంతకన్నా మంచియి ఉండవు. దాని పేర కొను,' అంది. నీ సంతకం నేనే గీసేను. అమ్మ పక్కన కూకుని గీయించింది. అన్నయ్య ఆబ్దికం రోజున నీకిస్తానని, అందాకా నా కాడ ఉంచమంది."

నూకరత్నం చేతిలోంచి కాగితం జారలేదు. దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆవిడ పన్నిన వలలో పడ్డ ఇద్దరిలో ఒకరు పగవాడు. రెండోవారు ఆవిడ పూజని పూజే అనుకున్న మనిషి.

పమిట సర్దుకోకుండానే బజారుకి నడిచింది. కంసాలి దాసు కొలిమి ఊదుకుంటున్నాడు.

"దాసూ, మా అత్త కంటె... ఎంతైనా ఇస్తాను. తెచ్చి ఇయ్యి."

దాసు ఊదుడుగొట్టం పక్కన పెట్టాడు. "ఎప్పుడో కరిగించేసేను కదమ్మా. రోలుగుంట వాళ్ళకి గాజులు సేసేను. కావాలంటే అంత బరువులో కొత్తది సేస్తాను."

"అలాటిది కాదు, అదే కావాలి."

"అది ఇంక లేదమ్మా," అన్నాడు దాసు.

ఇంతగా ధరలు తెలుసుకోవడం నేర్చిన మనిషి, తిరిగి వస్తూ దారంతా ఏమీ లెక్క వేయలేకపోయింది. తెచ్చుకున్న ఎనిమిది వేలూ బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. అవి పోసినా రాని వస్తువొకటి తన చేత్తోనే పోగొట్టింది. అంతకన్నా బాధ ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళుగా తనకి ఎవరూ లేరనుకుంది. ఉన్నారు. తనే చూడలేదు.

అప్పలనరసమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. కళ్ళు సరిగ్గా ఆనక వేళ్ళతో తడిమి తీస్తోంది. బోసి మెడ. ఇన్ని నెలలు ఆ మెడ ఎదురుగా తిరుగుతూ నూకరత్నం ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? అత్త వంక చూడటం మానేసి నాలుగేళ్ళయింది కాబట్టి.

"అత్తా," అంటూ కాళ్ళ దగ్గర కూలబడింది. "నేను పాపిష్టిదాన్నత్తా. ఆ కవరులో ఏటీ లేదు. ముందే అమ్మీసేను. గణపతిని ముంచాలని ఉత్తినే పూజ సేసేను. నీ కంటె నేనే మింగీసేను."

ముసలావిడ వేళ్ళు చింతపండులోనే ఆగాయి. వాకిట్లో గణపతిరావు, చిన్నతల్లి నిలబడి చూస్తున్నారు.

"ముందే నాకో మాట సెప్పాల్సింది," అంది ముసలావిడ.

"సెప్తే ఆపేదానివా?"

"ఏమో. ఆ రోజు పెద్దమనుషుల ముందర ఆపాల్సింది నేను. ఆపలేదు. కొడుకు కూడెట్టడని బయపడ్డాను. మెడలో అంత బంగారం ఏసుకుని, నోట్లో మాట లేకుండా కూకున్నాను. నోరు లేనిదానికి కంటెందుకే? అందుకే తీసీసేను." ఆవిడ తడుముకుంటూ కోడలి తల మీద చెయ్యి వేసింది. వేళ్ళకంటిన చింతపండు జుట్టుకంటింది. "ఆ కాగితం మీద ఎవరి పేరుంది?"

"నా పేరే అత్తా."

"ఐతే నా బంగారం ఎక్కడికీ పోలేదు. ఎవరికియ్యాలో ఆళ్ళకే సేరింది."

నూకరత్నం అప్పుడు ఏడ్చింది. భర్త పోయినప్పుడు ఏడవని ఏడుపు, పంపకాల నాడు మింగేసిన ఏడుపు, అంతా అత్తగారి ఒళ్ళో పెట్టి ఏడ్చింది. చిన్నతల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, తనూ కళ్ళొత్తుకుంది. గణపతిరావు స్తంభం దగ్గరే నిలబడ్డాడు.

అప్పలనరసమ్మ అతని వైపు తల తిప్పింది. చూపు ఆనకపోయినా గొంతు సూటిగానే తగిలింది.

"ఒరే గణపతీ, ఇప్పుడు నాకు నోరొచ్చింది, ఇను. ఆ భూమి ఇద్దరిదీ. ఎకరమున్నర నీది, నుయ్యున్న ఎకరమున్నర దానిది. షావుకారికి అది కడతాది. నీ వాటా కింద కట్టింది నువ్వు పండించి తీర్సాలి. నీ పెళ్ళానికి నాలుగు అంకెలు నేర్పించు, మళ్ళీ నువ్వు ఎగబడినప్పుడు ఆపడానికి."

"అలాగే అమ్మా," అన్నాడు గణపతిరావు. నేల చూస్తూ, "ఆ రోజు కన్ను గీటేను వదినా. ఎందుకు గీటేనో నాకే తెలీదు. తప్పయిపోయింది," అన్నాడు.

పది రోజుల తర్వాత షావుకారి దగ్గరికి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. పగంతా ఒక్క రోజులో పోయిందంటే అబద్ధం. బస్సులో ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో కూర్చున్నారు.

పెదబాబు ఆబ్దికం వెళ్ళాక కృపామణి టీచరు ఆ ఇరవై షేర్ల సంగతి అడిగింది. "ఇంకా దిగుతాయి. అమ్మెయ్యకూడదూ?"

"మీరు సెప్పిన పాఠం ఒకటి తప్పుతాను టీచరమ్మా," అంది నూకరత్నం. "ఈ కాగితాన్ని మాత్రం ప్రేమిస్తాను."

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పంచాంగం పేజీలు పొయ్యిలోకి పోయాయి. ఖాకీ కవరులో ఇప్పుడు ఒకే ఒక్క కాగితం ఉంది. నూకరత్నం పసుపు కలుపుతుంటే, అప్పలనరసమ్మ గోడ పట్టుకుని నడుచుకుంటూ వెనక గది గుమ్మం దాకా వచ్చింది.

"ఏటే, ఈ వారం ఎంతుంది?"

"పన్నెండున్నర అత్తా."

"లేచిందా, పడిందా?"

నూకరత్నం వేళ్ళు కవరు మీద ఆగాయి. ఈ గూటి ముందు ఏడాది పాటు అబద్ధమే చెప్పింది. ఇంక చెప్పదలుచుకోలేదు.

"పడిందత్తా."

"పడనీ," అంది ముసలావిడ గడప మీద కూర్చుంటూ. "పేరు సెరిగిపోలేదు కదా. బొట్టెట్టు."

నూకరత్నం బొట్టు పెట్టింది. ఈసారి పైకి ఏమీ అనలేదు.